కాళ్ళ దగ్గర నిలబడ్డ డాక్టరు గారు

గొంతును మొద్దుబార్చే జైలోకైన్ మందుకు చేదూ తీపీ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. నిన్న మా ఆసుపత్రిలో ఎండోస్కోపీ నేర్చుకుంటున్న ఒక కొత్త డాక్టరమ్మకు పని ఎంతవరకు పట్టుబడిందో చూడటానికి వెళ్ళాను. తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. గదిలో అందరి కళ్ళూ గోడకున్న పెద్ద తెర మీదే ఉన్నాయి. కడుపులో గొట్టం ఎక్కడ తిరుగుతోందో ఆ తెర మీద అందరికీ కనిపిస్తోంది. నేను మాత్రం వెళ్ళి రోగి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. “మేడమ్, అక్కణ్ణుంచి తెర సరిగ్గా కనపడదండీ” అంటూ నర్సు కుర్చీ జరపబోయింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు? ఆ చోటు నాకు సత్యానందం గారు చూపించింది.

డాక్టర్ సత్యానందం గారికి జగ్గయ్యపేటలో చిన్న ఆసుపత్రి ఉండేది. ఎనభైల మొదట్లో గుంటూరులో చదువు ముగించుకుని నేను ఆయన దగ్గర చేరాను. అప్పట్లో కడుపులోకి చూసే గొట్టం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన లేకపోతే జనం బెజవాడ పరుగెత్తాల్సిందే. ఆ గొట్టానికి తెరలూ గిరలూ లేవు. పైకొసన చిన్న అద్దం ఉంటుంది, దానికి కన్ను ఆనించి చూడాలి. నేను చూస్తున్నంతసేపూ పక్కవాళ్ళకు ఏమీ కనపడదు. మరి నాకు పని వచ్చిందో లేదో ఈయనకెలా తెలుస్తుందని మొదట్లో నాకు పెద్ద అనుమానం.

ఆయన నా భుజం పక్కన నిలబడతారనుకున్నాను. అదేం లేదు. రోగి తల పట్టుకోవడానికి సిస్టర్ రూతమ్మను ఉంచి, తాను కాళ్ళ వైపు వెళ్ళి, దుప్పటి మోకాళ్ళ దాకా మడిచి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇక్కడ నాకు చెమటలు కారిపోతుంటే ఈ పెద్దమనిషి ఎవరి పాదాలో చూస్తూ నిలబడతాడేమిటని ఒళ్ళు మండేది. ఒకరోజు అక్కణ్ణుంచే, “గాలి ఎక్కువైంది, తగ్గించమ్మాయ్” అన్నారు. నిజమే, లోపల విచ్చుకుని బాగా కనిపించాలని నేను కడుపులోకి గాలి ఎక్కువ పంపుతున్నాను.

“మీకెట్లా తెలిసిందండీ?” అని తర్వాత అడిగాను.

“నోట్లో గొట్టం ఉన్నోడు నోటితో ఏం చెప్తాడమ్మా? కాళ్ళతో చెప్తాడు. నువ్వు గాలి కొట్టినప్పుడల్లా బొటనవేళ్ళు ఎట్టా ముడుచుకున్నాడో నేను చూస్తానే ఉన్నా.”

ప్రతి శనివారం నందిగామలో రోగులను చూసేవాళ్ళం. గొట్టం ఉన్న పెట్టెను ఆయన బస్సులో కింద పెట్టనిచ్చేవారు కాదు, పైన పెట్టనిచ్చేవారూ కాదు. చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నేను పట్టుకుంటానంటే “ఇంకా టైముందిలే” అనేవారు. తిరుగు ప్రయాణంలో నాకు పరీక్ష మొదలయ్యేది. అడిగేవి రెండే ప్రశ్నలు. ఏం చూశావు? ఏం చూళ్ళేకపోయావు? మొదటిదానికి నేను గడగడా అప్పజెప్పేదాన్ని, రెండోదానికి నీళ్ళు నమిలేదాన్ని. బస్సులో వినేవాళ్ళకు ఇదంతా మంచి కాలక్షేపం. ఒకసారి ముందు సీట్లోని కంచికచర్ల మిరపకాయల వ్యాపారి వెనక్కి తిరిగి, “అమ్మాయిగారు అన్నీ చూశానంటన్నారు గదండీ, ఇంకేం కావాలి మీకు?” అని నా పక్షం మాట్లాడాడు.

“అన్నీ చూశానన్నోళ్ళతోనే నాకు భయమయ్యా” అన్నారు సత్యానందం గారు.

నందిగామ పని నాకొక్కదానికే అప్పగిస్తారని నా ఆశ. నాతో చదువుకున్నవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఆయన పక్కన లేకుండా గొట్టం ముట్టుకునే అనుమతి నాకింకా లేదు. అసలు ఎన్ని చేస్తే వచ్చినట్టండీ అని ఉండబట్టలేక అడిగాను. “లెక్కదేముంది? వచ్చినప్పుడు నాకు తెలుస్తదిలే” అన్నారు. ఆ జవాబు నాకు కోపమే తెప్పించింది.

వత్సవాయి నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. పరగడుపున రమ్మన్నాం. ఏమీ తినలేదని ఒట్టు పెట్టాడు. గొట్టం లోపలికి వెళ్ళాక చూస్తే కడుపు నిండా పాలరంగు మడుగు! బస్టాండులో దిగి టీ తాగొచ్చాడు. మా వైపు టీని తిండి కింద ఎవరూ జమకట్టరు. వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ కడుపులో టీ ఉందని కాళ్ళు చెప్పవు, డాక్టరు గారికి తెలిసే దారి లేదు. ఆయన్ను అడగకుండానే గొట్టం మెల్లగా బయటికి తీసేశాను. రైతు లేచి కూర్చుని గయ్యిమన్నాడు. “మళ్ళీ రమ్మంటారా? కూలోళ్ళని ఆపుకోని వచ్చానండీ!” ఆయన అతన్ని బుజ్జగించి, నేను తీసిన కారణం విని, తలాడించి ఊరుకున్నారు. ఆ శనివారం బస్సులో ఇక నందిగామ నీదే అంటారని ఎదురుచూశాను. ఆయన పెట్టె మీద చేతులు వేసుకుని హాయిగా నిద్రపోయారు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం, రోగులు రాకముందే, ఆయన రోజూ తాగే టీ కూడా ముట్టకుండా వచ్చి, చెప్పులు విడిచి బల్ల మీద కూర్చున్నారు. “రెండ్రోజుల్నుంచి విరేచనం నల్లగా అవుతోందమ్మా. లోపల ఎక్కడో రక్తం కారతన్నట్టుంది. చూడు” అన్నారు. రూతమ్మ కళ్ళు తుడుచుకుంది.

“బెజవాడ వెళ్దామండీ. అక్కడ పెద్దవాళ్ళున్నారు” అన్నాను.

“అక్కడ నా కాళ్ళ దగ్గర ఎవరు నిలబడతారు? రూతమ్మా, ఇట్రా, నువ్వు నిలబడు” అని మందు గొంతులో పోసుకుని ఎడమవైపు ఒత్తిగిల్లారు. ఆయన తల పట్టుకోవడానికి వార్డులోంచి ఇంకో నర్సును పిలిచాం.

గొట్టం లోపలికి పంపి అద్దానికి కన్ను ఆనించాను. కడుపు దాటగానే పేగు మొదట్లో పుండు కనిపించింది. ఇప్పుడు రక్తం కారడం లేదు. కానీ కడుపు పైభాగంలో ఒకచోట రక్తం గడ్డకట్టి ఉంది. ఎంత తిప్పినా దాని వెనక ఏముందో కనపడలేదు. అంతా బాగుందండీ అని చెప్పేయాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆయన మీద నాకున్న ప్రేమ అది. కానీ ఆ ప్రేమతో అబద్ధం చెబితే నష్టపోయేది ఆయనే.

గొట్టం బయటికి తీసి, “పేగు మొదట్లో పుండు ఉందండీ, ఇప్పుడు కారట్లేదు. పైన రక్తం గడ్డ ఉంది. దాని వెనక చూళ్ళేకపోయాను. మళ్ళీ చూడాలండీ” అన్నాను.

మొద్దుబారిన గొంతుతో ఆయన నన్ను కాదు, రూతమ్మను అడిగారు. “నా కాళ్ళు?”

“కదల్లేదండీ” అంది రూతమ్మ.

ఆయన అప్పుడు నా వైపు తిరిగారు. “శనివారం నందిగామ నువ్వెళ్ళు. పెట్టె ఒళ్ళో పెట్టుకో, కింద పెట్టమాక” అన్నారు.

కొన్నిరోజులకు మళ్ళీ చూశాను. గడ్డ కరిగిపోయింది, వెనక ఏమీ లేదు. మందులతో పుండు మానింది. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారు. నాకు అన్నం పెడుతున్న ఈ విద్య ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన ఉండగా సరిగ్గా చెప్పలేదు, చెప్పినా “సర్లే, పో” అనేవారేమో.

నిన్న ఆ గదిలో పని పూర్తయింది. తెర చూసినవాళ్ళంతా బాగా చేశావని ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. రోగి వేళ్ళు ఒక్కసారి కూడా ముడుచుకోలేదు, అది నేను చూశాను. ఆమె తొడుగులు తీసేసి నా ముఖంలోకి చూసింది. నేను అడగాల్సింది ఇంకొక్కటే మిగిలింది.

“ఏం చూళ్ళేకపోయావమ్మా?” అన్నాను.