దలా రేవు దాటిన తెలకపిండి

ఎరువు కుప్ప చూడ్డానికి సముద్రం దాటి వెళ్తారా ఎవరైనా, అని మా వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. విజయనగరంలో చెక్క గానుగ నడుపుతున్నదాన్ని నేను. నూనె పోగా మిగిలే చెక్క, మడ్డి, పొట్టు ఎక్కడ కనబడినా నా కాలు అక్కడ ఆగిపోతుంది. అలాంటిది, బర్మాలో యాంగోన్‌లో ఉన్న మా చిన్నమ్మ కొడుకు, నన్ను అక్క బదులు అప్పా అని పిలిచే నూకరాజు ఫోన్లో కనబడి, "అప్పా, ఏవో దేశాల్లో ఆలివ్ నూనె పిప్పిని కుప్పేసి ఎరువు సేత్తన్నారు, ఈడియో సూసినాను. ఇక్కడ నూనె మిల్లు సెత్తతో నేనూ అదే సేత్తన్నాను. ఒకపాలి ఒచ్చి సూడు" అంటే ఆగుతానా? ఆ వారమే వీసాకి ఆన్‌లైన్లో పెట్టేశాను.

వాడు పిలవడానికి ఇంకో కారణం ఉంది. ఈ పని కోసం మిల్లులో ఉద్యోగం మానేశాడు. నదికి అవతల దలాలో కుప్ప వేసుకోవడానికి స్థలం ఇచ్చినావిడ పేరు మ్యా. పెద్దావిడ కాబట్టి గౌరవంగా అందరూ డో మ్యా అంటారు. నేను వెళ్ళే వారం, ఆదివారం నాడు, ఆవిడ వచ్చి చూస్తుంది. కుప్ప బాగుంటే స్థలం వాడికే ఉంటుంది, లేకపోతే చేపల గోడౌన్‌కి ఇచ్చేస్తుంది.

సాయంత్రం విజయనగరంలో హౌరా రైలెక్కితే మర్నాడు పొద్దున్నకి దిగాను. కలకత్తా నుంచి విమానం రెండు గంటల చిల్లర. టికెట్ల ధరలు రాయను, వారానికోలా మారుతున్నాయి. నా పక్క సీట్లో సింహాచలం మొక్కు తీర్చుకుని ఇంటికి పోతున్న యాంగోన్ తెలుగు ముసలమ్మ కూర్చుంది. "కిటికీ కాడ నువ్వు కూకో అమ్మా, నది బాగా కనిపిత్తాది, నాకు సూసి సూసి ఇసుగొచ్చీసినాది" అని తన సీటు నాకిచ్చేసింది. దిగగానే గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి, మరిచిపోకండి.

నూకరాజు వాళ్ళది చిమిండైంగ్‌లో, నది ఒడ్డు బజారు వెనక మేడ మీద ఇల్లు. మెట్ల మీదే ఎదురొచ్చింది ఆదెమ్మ చిన్నమ్మ. డెబ్బై దాటిన మనిషి, నడుముకి లుంగీలాంటి లోంజీ, బుగ్గలకి గంధంలా పూసుకున్న థనఖా బెరడు ముద్ద. నోరు విప్పిందా, అచ్చం మా శ్రీకాకుళం యాసే. "ఒచ్చీసినావా గుంటా! ఎంత సిక్కిపోనావే! తిన్నావేటి?" అని నా బుగ్గలు రెండూ పట్టుకుంది. ఏడుపొచ్చింది నాకు.

మర్నాడు గురువారం. ఆరున్నరకే బస్సెక్కి ఊళ్ళోకి వచ్చి పబేడాన్‌లో ఇడ్లీ తిన్నాం. సాంబారు మనదానికంటే కాస్త తీపి, కానీ చట్నీకి వంక పెట్టలేం. అక్కణ్ణుంచి రేవు దాకా నడక. విదేశీయులకి ఫెర్రీ టికెట్ వేరే, పాస్‌పోర్టు చూపించాలి. గట్టిగా పది నిమిషాల ప్రయాణం, అంతలోనే పుచ్చకాయ ముక్కలూ సిగరెట్లూ ఉడికించిన పిట్ట గుడ్లూ అమ్మేవాళ్ళు నా ముందు నుంచి వెళ్ళారు. గుడ్లు కొనండి, ఉప్పూకారం పొట్లం కట్టిస్తారు.

దలా రేవులో సైకిల్ రిక్షా ఎక్కి డో మ్యా పెరట్లోకి వెళ్ళాం. నా ఛాతీ ఎత్తు కుప్ప! పైన తాటాకుల పందిరి. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. బూజు పట్టిన వేరుశెనగ తొక్కలు, నూనె వడకట్టిన గుడ్డల్లోంచి గీకిన మడ్డి, కాలవలోంచి తీసిన గుర్రపుడెక్క, నువ్వుల చెక్క, అన్నీ పొరలు పొరలుగా వేశానన్నాడు. గాజులు పైకి లాక్కుని మోచేతి దాకా చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది.

"అదే అప్పా నా బాద. ఈడియోలో ఆలివ్ పిప్పి పొగలు కక్కతాంది. నాదేటి ఇలగ సచ్చినట్టు పడుంది?" అన్నాడు నూకరాజు.

"పేడ వెయ్యకపోయావా?"

"పేడా, కోడిపెంటా ఏత్తే ఇంటి పక్కన వాసనని డో మ్యా ఒద్దన్నాది. అందుకే గదా నువ్వుల సెక్క ఏత్తన్నాను. వారం వారం రెండేసి బస్తాలు."

పార తీసుకుని కుప్పని మధ్యకి చీల్చాను. తొక్కలున్నాయి, మడ్డి ఉంది, తడి రంపపుపొట్టు బోలెడుంది. నువ్వుల చెక్క మాత్రం మచ్చుకి కూడా లేదు! కుప్పని ఉడికించేది ఆ చెక్కే. అది లేకపోతే మిగతాదంతా తడి చెత్త, అంతే. మిల్లువాళ్ళు మోసం చేస్తున్నారేమో అన్నాను. "నా సేత్తో నేనే బస్తా కట్టినాను అప్పా, ఇక్కడ కూలోడు కుమ్మరిత్తాడు" అని వాడు నెత్తి బాదుకున్నాడు. ఆదివారం ఇంకెంతో దూరం లేదు. తిరుగు ఫెర్రీలో వాడు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. అక్కడ వంతులవారీగా వస్తుంది, ఫోన్లు ముందే ఛార్జి పెట్టుకోండి. బ్యాటరీ లైటు వెలుగులో చిన్నమ్మ అన్నం వడ్డించి, పక్కన కూర వేసింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఓలమ్మో! తెలకపిండి, మునగాకు! వెల్లుల్లి కమ్మగా వేగి, పొడిపొడిగా, మా అమ్మ తరవాత అంత బాగా వండినవాళ్ళు లేరు. రెండోసారి వేయించుకున్నాను. మూడోసారి చెయ్యి చాపుతూ అడిగాను.

"ఇంత తాజా తెలకపిండి ఎక్కడిది చిన్నమ్మా?"

చిన్నమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. నూకరాజు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. తెలకపిండి అంటే నువ్వుల చెక్కే. బస్తాలు మిల్లు నుంచి వచ్చి ఒక రాత్రి ఈ ఇంట్లోనే ఉంటాయి. పొద్దున్నే ఫెర్రీ ఎక్కుతాయి.

"ఏటి, అలగ సూత్తారు?" అంది చిన్నమ్మ. తరవాత గరిటె దింపేసింది. "అవును, నేనే తీసినాను. బరువు తగ్గకండా తడిపొట్టు కుక్కినాను. బంగారం లాటి తిండిని పెంటలో పొయ్యమంటార్రా? మా అయ్య రేవులో మూటలు మోసినోడు. ఓడ రాని దినాన మాకు అన్నం ఏటనుకున్నావు? మిల్లోడు ఇసిరిన సెక్కే! అదే తిని బతికినాను నేను. కూరొండినాను, బర్మావోల్లలాగ పులబెట్టినాను, ఈదిలో అందరికీ పంచినాను. ఏ తప్పు సేసినాను?"

"నౌకరీ ఒగ్గీసినాను గదే అమ్మా" అన్నాడు నూకరాజు. అరవలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, కడుపు నిండా ఆ కూరే ఉంది. నువ్వుల చెక్కని చూసి చెయ్యి ఆగని తెలుగు ముసలమ్మ లోకంలో ఉంటుందా? చిన్నమ్మ కొడుకు కంచం తీసి కడిగింది. తరవాత మంచం కిందకి వంగి ఒక్కొక్కటే బియ్యం డబ్బాలు లాగడం మొదలుపెట్టింది. అన్నిటి నిండా చెక్కే!

శుక్రవారం పొద్దున్న ముగ్గురం డబ్బాలతో ఫెర్రీ ఎక్కాం. పక్కనున్న చేపలమ్మే ఆవిడ ముక్కు ఎగబీల్చి చిన్నమ్మని బర్మీస్‌లో ఏదో అడిగింది. నువ్వుల చెక్క పులబెట్టడానికా, ఎక్కడ దొరికింది అంటోందని నూకరాజు చెప్పాడు. చిన్నమ్మ నది వైపు తిరిగిపోయింది.

ఇక ఆ రోజు పని చూడాలి! కుప్పంతా కిందకి లాగేశాం. నూకరాజు గుర్రపుడెక్క నరికాడు, నేను మడ్డిని తొక్కలకి పట్టించాను. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతే తడి. చెక్క చిదిమి వేసే వంతు వచ్చాక డబ్బా తియ్యబోతే చిన్నమ్మ నా చెయ్యి నెట్టేసింది. "నేనే ఏత్తాను." ఒక్కో గుప్పెడూ కళ్ళకద్దుకుని వేసింది. గోనెసంచులు కప్పి ఇంటికొచ్చి పడితే నడుం ఉందో లేదో తెలియలేదు.

శనివారం ష్వేడగాన్ పగోడాకి వెళ్ళాను. తెల్లవారకముందే వెళ్ళండి, ఎండెక్కితే వట్టి కాళ్ళు కాలిపోతాయి. అంత బంగారం ముందు నిలబడి నేను కుప్ప ఉడకాలని దండం పెట్టుకున్నాను.

ఆదివారం ఎనిమిదికల్లా దలాలో ఉన్నాం. పందిరి దగ్గరికి పరిగెత్తి గోనె ఎత్తాను. గుప్పున ఆవిరి! "రాజూ, ఉడుకుతోందిరా!" అని నేను కేకలు, వాడు గెంతులు. చిన్నమ్మ చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. "ఓలమ్మ, పొయ్యి మీదున్నట్టుందే!"

డో మ్యా గొడుగేసుకుని వచ్చింది. చుట్టూ తిరిగింది, వాసన చూసింది, చెయ్యి పెట్టి తలాడించింది. గట్టెక్కామనుకున్నాం. అప్పుడు చిన్నమ్మ ముందుకెళ్ళి బర్మీస్‌లో మొదలుపెట్టింది. నూకరాజు మొహం పాలిపోయింది. "అంతా సెప్పీత్తంది అప్పా. సెక్క తీసినానని, కుప్ప మొన్ననే మల్లీ పేర్సినామని. ఎవలడిగినార్రా దేవుడా!" డో మ్యా నవ్వలేదు, తిట్టలేదు. ఏదో అడిగి, రేపు చెప్తానని వెళ్ళిపోయింది. ఏమడిగిందంటే, తీసిన చెక్కలో ఎంత పారేశావని. గుప్పెడు కూడా పారెయ్యలేదని చిన్నమ్మ జవాబట.

సోమవారం మధ్యాహ్నం నా విమానం. టాక్సీలో ఒక్కదాన్నే వెళ్ళాను, వాళ్ళిద్దరూ దలా నుంచి కబురు కోసం కూర్చున్నారు. సొంత చిన్నమ్మ ఉండే ఊరికి ఇన్నాళ్ళు రానందుకు బాధేసింది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే, గుడులూ పగోడాలూ చూడండి, ఎవరింట్లోనైనా భోజనానికి కూడా కూర్చోండి, అప్పటిదాకా ఆ ఊరు మీకు తెలియదు. నాకు మాత్రం సంతోషం సగమే. విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాక ఫోన్ మోగింది. చిన్నమ్మ!

"స్తలం ఇచ్చీసినాదే గుంటా! రాజుగాడికి గాదు, నాకు! సెక్క పారబొయ్యలేక కన్నకొడుకునే మోసం సేసినదానివి, నా నేల మీద గుప్పెడు కూడా పాడవనివ్వవు, కుప్ప నువ్వే సూసుకో అన్నాది."

నేను పెట్టిన కేకకి వరసంతా వెనక్కి తిరిగింది. తిరగనీ. కాస్త తేరుకుని అడిగాను, "మరి కూరకి ఎంత ఉంచుకుంటావు చిన్నమ్మా?"

"ఒక్క డబ్బా" అంది. "మిగిలిందంతా కుప్పకే. దానికి మాత్రం ఆకలెయ్యదేటి?"