తొంభై మూడు శాతం

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెబుతున్నాను.

ముందు ఇది వినండి. మా ఇంట్లో ఫోన్ కొని ఐదేళ్లు దాటింది. దాని బ్యాటరీ ఆరోగ్యం ఇవాళ్టికీ తొంభై మూడు శాతం. మా పల్లెలో ఇంకో ఇంట్లో చూపించమనండి! బ్యాటరీలు ఉబ్బిపోయిన ఫోన్లు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నేను చదివింది మూడో తరగతి. అయినా మనవరాలు హాస్టలుకు పోతూ, బ్యాటరీని కాపలా కాసే యాప్‌ను తెలుగులో పెట్టి ఒక్కసారి చూపించింది, చాలు. ఎనభై దాటితే గంట మోగుతుంది, వైరు పీకేస్తాను. వేడెక్కినా మోగుతుంది, అప్పుడూ పీకేస్తాను. ఫోన్లో ఏది ఎంతసేపు చూశారో కూడా అందులో ఉంటుంది. మా ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే. కొడుక్కీ కోడలికీ చదువు రాదు.

వేకువన కొడుకు ఆ ఫోన్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి వేటకు తీసుకుపోతాడు. సాయంత్రం కోడలు దొరవారిసత్రంలో ఉన్న వాళ్లమ్మతో పావుగంట మాట్లాడుకునేది.

ఒకనాడు బాగా ఉక్కగా ఉంది. ఛార్జింగ్ ఇరవై రెండు దగ్గర ఉండగానే వేడి గంట మోగింది. పీకేశాను. చల్లారాక పెడదామనుకుని, ఎండుచేపలు ఎత్తే పనిలో పడి మరిచిపోయాను.

మరునాడు సముద్రం మీద పడవ ఇంజిన్ ఆగిపోయింది. ఫోన్ చేయబోతే అదీ ఆరిపోయింది. పొద్దువాలే వేళకు వేరే పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. అంతవరకూ కోడలు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఒడ్డునే నిలబడింది.

ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టి, ఫోన్ వెలగ్గానే నా చేతికిచ్చాడు కొడుకు.

"చూడు మా, యాప్‌లో ఏముందో! నేను సముద్రంలో పోయినా దీనికి పాటలే కావాల!"

"నేను పాటలు చూళ్లేదయ్యా. మా అమ్మతో మాట్లాడి పెట్టేసినా, అంతే. అత్తా, నువ్వు చదివి చెప్పత్తా. నువ్వు చెప్తే నమ్ముతాడు."

చదివాను. ఛార్జింగ్ ఇరవై రెండు దగ్గర తీసినట్టుంది. వీడియోలు సున్నా.

"పాటలే," అన్నాను. "గంటన్నర."

ఎందుకన్నాను? భయమా? నేను ఎవరికీ జడిసిన మనిషిని కాను. మరేమిటి? పల్లెంతా నన్నడిగి నేర్చుకునే పనిలో నేనే తప్పానని, అదీ కన్నకొడుకు ప్రాణం మీదికి తెచ్చేంతగా తప్పానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కోడలు నా ముఖంలోకి ఒక్కసారి చూసింది.

ఆనాటి నుంచి ఆమె ఆ ఫోన్ తాకలేదు. పక్కింటివాళ్ల ఫోన్ అడుక్కుని, దడి పక్కన నిలబడి, వాళ్లమ్మతో రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేస్తుంది. నేను రోజూ చూస్తున్నాను.

తొంభై మూడు నా కట్టుబాటు వల్లేనని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. అబద్ధమేమీ కాదు. కానీ అందులో ఆ పిల్ల మాట్లాడుకోని సాయంత్రాలు ఎన్ని కలిశాయో నాకు తెలుసు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. కనీసం ఉన్నదున్నట్టు రాయడం వచ్చు. ఆమె పాటలు చూడలేదు. వైరు పీకింది నేను.

ఇదిగో, రాసేశాను.