క్వార్టర్‌బ్యాక్‌కి నేర్పిన ఒంటి తుమ్ము

స్టేడియం నిండా జనాన్ని ఒక్క తుమ్ముతో ఏడిపించినవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. ఇప్పుడు అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటున్నాను గానీ, ఎమ్మెస్ చదివే రోజుల్లో మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుని నిలువునా ముంచింది నేనే. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

క్యాంపస్‌లో నాకు దొరికిన పని ఆటగాళ్ళకి నీళ్ళ సీసాలు అందించడం. వాళ్ళు మైదానంలోకి వెళ్ళే దారి చివర నిలబడాలి. మా జట్టు హీరో కోల్, క్వార్టర్‌బ్యాక్. అంటే, చేత్తో విసిరే ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో అతనే తేల్చాలి. పెళ్ళిలో పురోహితుడిలాగా, అతను కానిమ్మంటే తప్ప ఏదీ కదలదు. కాలేజీలో అతనికది ఆఖరి ఏడాది. బాగా ఆడితే ప్రొఫెషనల్ జట్టువాళ్ళు తీసుకుంటారు. లేకపోతే వాళ్ళ నాన్న టైర్ల షాపే గతి.

మొదటి మ్యాచ్ రోజు బ్యాండ్ మోగుతోంది. కోల్ బయటికి అడుగు వెయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. ఒక్కటే.

మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు కోల్. కాసేపు కూర్చుని, ఈ నీళ్ళు తాగి వెళ్ళు."

"ఎందుకు?"

"బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారే తుమ్మితే మంచిది కాదు."

"నీళ్ళు తాగితే?"

"దోషం పోతుంది, క్షేమంగా వెళ్ళొచ్చు."

వెనకాల జట్టంతా ఆగిపోయింది. కోల్ అక్కడున్న ఐసు పెట్టె మీద కూర్చుని, బుద్ధిగా నీళ్ళు తాగి వెళ్ళాడు. అవతలి జట్టుని చితక్కొట్టాడు.

తర్వాతి మ్యాచ్‌కి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏదీ, తుమ్ము."

"రావట్లేదు కోల్. రాకపోవడమే మంచిది, హాయిగా వెళ్ళు."

"కుదరదు. పోయినసారి తుమ్మావు, గెలిచాం."

అది చెడ్డ శకునం బాబూ అంటే వినడే. అతను సీజన్ మొదలైనప్పటినించీ ఉతకని మేజోళ్ళతో ఆడుతున్నాడని ఆ తర్వాత తెలిసింది. ఆటగాళ్ళ పట్టింపుల ముందు మా బామ్మ శుద్ధ నాస్తికురాలు.

ఇక చేసేదేముంది. రుమాల్లో మిరియాల పొడి మూటకట్టి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. నేను పీల్చడం, తుమ్మడం, అతను కూర్చోవడం, తాగడం, గెలవడం. కొన్నాళ్ళకి కోచ్ కూడా మ్యాచ్‌కి ముందు నా ముక్కు వంక ఆశగా చూడసాగాడు. నాకు గర్వం తలకెక్కిందని ఒప్పుకుంటాను.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. ప్రొఫెషనల్ జట్లవాళ్ళు కోల్‌ని చూడ్డానికే వచ్చి కూర్చున్నారు. నేను కంగారులో రుమాలు తేవడం మర్చిపోయాను, పొడి పొట్లం మాత్రం జేబులో ఉంది. చేసేది లేక కోల్ నడుముకి వేలాడే తువ్వాలు మీదే ఒంపుకుని పీల్చాను. తుమ్ము దివ్యంగా వచ్చింది. అతను కూర్చున్నాడు, తాగాడు, తువ్వాలుతో సహా వెళ్ళాడు.

ఆట చివరికొచ్చింది. ఒక్క మంచి విసురు విసిరితే గెలుపు మాదే. ఆట కాసేపు ఆపించే టైమ్‌అవుట్ మిగిలింది ఒక్కటే, అదీ తీసుకున్నారు. కోల్ హెల్మెట్ తీసి, తువ్వాలుతో మొహం శుభ్రంగా తుడుచుకున్నాడు. ఆట మళ్ళీ మొదలైంది, బంతి అతని చేతికొచ్చింది, తుమ్మాడు.

ఒక్కటే.

తుమ్మినవాడు తుమ్మినట్టు బంతి విసిరేసినా బావుండేది. శిష్యుడు గురువుని మించాడు. బంతి ఒళ్ళో పెట్టుకుని, మైదానం నడిమధ్యన గడ్డిలో చతికిలబడి, నా వైపు చెయ్యి చాపాడు.

"నీళ్ళు!"

నేను సీసా పట్టుకుని పరుగెత్తేలోపల టైమ్ అయిపోయింది. మేం ఓడిపోయాం.

కోచ్ నన్ను గదిలోకి పిలిచాడు. "నీళ్ళు తాగితే గెలుస్తారన్నావుగా?"

"లేదు సర్. క్షేమంగా వెళ్ళొచ్చు అన్నాను. గెలుస్తారని మా పెద్దవాళ్ళెప్పుడూ చెప్పలేదు."

ఆయన గ్లాసులో నీళ్ళు పోసి నా ముందుకి తోశాడు. "తాగు. తాగి, నువ్వు కూడా క్షేమంగా వెళ్ళు. మళ్ళీ రాకు."

ఉద్యోగం పోయినందుకు బాధ లేదు. కోల్‌ని నా చేతులారా టైర్ల షాపుకి పంపానేమోనని చలికాలమంతా అన్నం సయించలేదు.

వసంతంలో ఒకరోజు కోల్ నుంచి ఫోన్. "సుబ్బూ, ప్రొఫెషనల్ జట్టువాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడే బయల్దేరుతున్నాను. వెళ్ళనా?" వాళ్ళకి కావలసింది అతని చెయ్యి గానీ ముక్కు కాదు కదా.

నా కళ్ళు చెమర్చాయి. దాంతోపాటే, మిరియాల సాయం లేకుండా, అసలు సిసలు తుమ్ము ముంచుకొచ్చింది. రెండు వేళ్ళతో ముక్కు బిగించి, "వెళ్ళిరా" అని మాత్రం అనగలిగాను.

ఫోన్ పెట్టేశాక తుమ్మాను. ఇకమీదట ఏ మనిషి ఎక్కడికి బయల్దేరినా మన శాస్త్రం ఒక్క ముక్క కూడా చెప్పనని, పుస్తకాల మీద చెయ్యి పెట్టి, ఆ క్షణమే ఒట్టు వేసుకున్నాను. తర్వాత, ప్రయాణం అతనిదే అయినా ఎందుకైనా మంచిదని, అతని తరఫున నేనే కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగాను.