మూడో ఫ్లాపీ కోసం బాగేపల్లికి

ఎనభైల చివర్లో, చింతామణిలో నేను పాఠాలు చెప్పే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు కంప్యూటర్ వచ్చింది. కొనాల్సిందేనని పట్టుబట్టింది నేనే. ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టారు టైపు మిషన్లను నమ్ముకుని బతికిన మనిషి. ఏడాది తిరక్కముందే హార్డ్ డిస్క్ కీచుమనసాగింది. బెంగళూరు నుంచి ఇంజినీరు వచ్చి, కొత్త డిస్క్ బిగించి, కంప్యూటర్‌ను నడిపించే డాస్‌ను అందులోకి మార్చాడు. ప్రోగ్రాములు మాత్రం మమ్మల్నే మళ్లీ ఎక్కించుకోమని చెప్పి శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. సోమవారం కొత్త బ్యాచ్ మొదలు.

టైపింగ్ ప్రోగ్రాం ఐదు ఫ్లాపీల్లో ఉండేది. రెండు ఎక్కాయి. మూడోది గరగరమని తిరిగి ఆగిపోయింది. అబార్ట్, రిట్రై, ఇగ్నోర్ అని తెర అడుగుతోంది. మళ్లీ ప్రయత్నించమని రిట్రై నొక్కాను. ఫ్లాపీ తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ నొక్కాను. వెలుతురులో పెట్టి చూస్తే దాని మీద బూజు మచ్చ.

"ఏమమ్మా, ఇంకా ఎంతసేపు పడతాది?" అన్నారు మాస్టారు.

"మూడోది చదవడం లేదప్పా."

"పాత డిస్కే బిగిస్తే కాదా?"

"అది ఎప్పుడు ఆగిపోతాదో చెప్పలేమప్పా."

ఆయన కోప్పడలేదు. "సోమవారం పిల్లోళ్ల అమ్మానాయనలు గూడా వస్తాండారు" అని మాత్రం అన్నారు. కోప్పడినా బాగుండేదనిపించింది.

బాగేపల్లిలో ఒక శెనక్కాయల మిల్లులో ఉత్తరాలు టైపు చేయడానికి ఇదే ప్రోగ్రాం ఉందని ఇంజినీరు మాటల్లో విన్నాను. శనివారం పొద్దున్నే ఖాళీ ఫ్లాపీలు సంచిలో చీర మడతల మధ్య పెట్టి, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని చేలూరు మీదుగా పోయే బస్సెక్కాను. ప్రతి ఊళ్లోనూ ఆగుతున్న ఆ బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. దుమ్ము రేగినప్పుడల్లా సంచి మీద కొంగు కప్పాను.

మిల్లు యజమాని నా మాట సాంతం వినకుండానే, "అదంతా మా కోడలు చూసుకుంటాది" అని లోపలికి కేకేశాడు. నా ఈడు అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బీరువాలోంచి రవికగుడ్డలో చుట్టిన ఫ్లాపీలు తెచ్చి బల్ల మీద పెట్టిందో లేదో, కరెంటు పోయింది.

"ఎప్పుడొస్తాది?" అన్నాను.

"వస్తే వచ్చినట్లు. పొద్దుట్నుంచీ మిల్లే ఆడలేదు."

రాగిముద్ద, అనపకాయల పులుసు పెట్టింది. నా చూపంతా బల్బు మీదే. ఆమె నా ఎదురుగా కూర్చుని మెల్లగా అంది: "నీకు నేర్పించినోళ్లు ఉండారు. నేను పుస్తకం ముందర పెట్టుకొని ఒక్కదాన్నే కుస్తీ పడినా. తప్పు పోతే అడిగేదానికి ఈడ ఎవరుండారు?"

కరెంటు వచ్చాక ఇద్దరం పరుగెత్తాం. అక్కడ ఒకటే డ్రైవ్. పాతది పెట్టు, కొత్తది పెట్టు అని తెర అడుగుతుంటే ఆమె మార్చింది, నేను మీటలు నొక్కాను. మధ్యలో బల్బు ఒకసారి సన్నబడింది. ఎలాగో పూర్తయింది. సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పకుండా బస్టాండుకు పరుగు తీశాను.

ఆదివారం ప్రోగ్రాం తెరుచుకుంది. సంతోషం గంట కూడా నిలవలేదు. ప్రింటర్ వరుసలకు వరుసలు పిచ్చి గీతలు కొట్టింది. దాని అమరికలన్నీ పాత డిస్క్‌తోనే పోయాయి. పొద్దుగూకేదాకా తిప్పలు పడ్డా దారికి రాలేదు.

సోమవారం మాస్టారు అందరి ముందూ నిలబడి, "ప్రింటరు ఇంకా సరికాలేదు. తెర మీద నేర్చుకోవచ్చు. ఇష్టముండేవాళ్లు కూర్చోండప్పా" అన్నారు. ఎవరూ లేవలేదు. ప్రింటర్ ఆ వారంలోనే దారికొచ్చింది.

కొన్నాళ్లకు బాగేపల్లి అమ్మాయి అత్తగారితో కైవారం గుడికి వచ్చి, అట్నుంచి మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. మనసులో దాచుకున్న సందేహాలన్నీ ఒకదాని వెంట ఒకటి అడిగింది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి ఇద్దరం కలిసి చేసి చూశాం.

"బస్సు పోతాది, రామ్మా" అని గుమ్మం దగ్గర అత్తగారు తొందరపెట్టింది.

"ఇంకొక్కటి అత్తమ్మా" అంటూ ఆమె కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.