వచ్చినవాళ్ళ ఫ్యాన్

మార్చి నెలాఖరులో, తెల్లారుతుండగా, బెజవాడ స్టేషన్‌లో దిగాను. భుజాన కిట్ బ్యాగు, చేతిలో నల్ల ట్రంకు పెట్టె, ఒంటి మీద ఇంకా ఉన్ని బనియను. అంతకు ముందు రెండున్నరేళ్ళు లడఖ్‌లో చేశాను. అక్కడ తాగే నీళ్ళ కోసం మంచు కరిగించుకునేవాళ్ళం. ఇక్కడ ప్లాట్‌ఫాం కుళాయి తిప్పితే పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు వచ్చాయి. బనియను అక్కడే విప్పి సంచిలో కుక్కి ఆటో ఎక్కాను.

తొంభైల చివరి రోజులవి. నా పోస్టింగు కాలేజీ పిల్లలకు సైనిక శిక్షణ ఇచ్చే ఒక బెటాలియన్‌కి. ఆఫీసు భవానీపురంలో, పొడుగాటి రేకుల షెడ్డు. ఒక చివర కర్నల్ సాబ్ గది, అందులో కూలరు. మిగతా షెడ్డంతా మాది. పొద్దున్న పరేడ్ చేయించాలి, పగలు కాలేజీలకు వెళ్ళి వైర్‌లెస్ క్లాసులు చెప్పాలి, సాయంత్రం ఆఫీసులో ఉండాలి. ఇవీ ఆర్డర్లు. సైన్యంలో టెలిఫోన్లు, వైర్‌లెస్‌లు చూసే సిగ్నల్స్ వాణ్ణి కదా అని కరెంటుతో నడిచే ప్రతి వస్తువునూ నా నెత్తిన వేశారు. కాలింగ్ బెల్ మోగకపోయినా హవల్దారే, ట్యూబ్‌లైటు వెలగకపోయినా హవల్దారే.

మా శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు ఇప్పటికీ యుద్ధం గురించి చెప్పమని నా వెంట పడతారు. చెప్పడానికి ఉంది, చెప్పబుద్ధి కాదు. ఇది మాత్రం ఎన్నిసార్లడిగినా చెబుతాను.

షెడ్డు మొత్తానికి ఒక్కటే కంప్యూటరు. పడమటి గోడ మూలలో, మూసి ఉంచే కిటికీ పక్కన. దాని ముందు కూర్చునేది రెహానా గారు, టెంపరరీ టైపిస్టు. ముప్పై అయిదేళ్ళ మనిషి. వస్తూనే బురఖా మడిచి సొరుగులో పెట్టి, బిస్మిల్లా అనుకుని స్విచ్చి వేసేవారు. భర్త వన్‌టౌన్‌లో ఫోటోలకు ఫ్రేములు కట్టేవారు. వెన్నునొప్పితో మంచం పట్టాక ఆ ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

కంప్యూటరుకి ఒక జబ్బు ఉంది. పదకొండు దాటాక ఎప్పుడో ఒకప్పుడు తెర నల్లబడేది. తనంతట తనే ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఒకరోజు రెండుసార్లు, ఒకరోజు అయిదుసార్లు, మధ్యలో ఒక రోజు అసలేమీ ఉండేది కాదు. శిక్షణ క్యాంపుకి వెళ్ళే పిల్లల జాబితాలన్నీ అందులోనే కొట్టాలి. ఆగినప్పుడల్లా కొట్టినది పోయేది.

రెహానా గారు కేకేస్తే హెడ్ క్లర్కు గారు లేచి వెళ్ళేవారు. ఆయనది కూచిపూడి. రోజూ బస్సులో వచ్చేవారు. పాతికేళ్ళ సర్వీసు, మోకాళ్ళ నొప్పులు. ఆ మూలకి చేరేసరికి కంప్యూటరు బుద్ధిగా మళ్ళీ వెలుగుతూ ఉండేది.

"అమ్మాయ్, ఏదో నొక్కావు."

"లేదండీ, ఒట్టండీ. దానంతటదే ఆగిపోయింది."

"దానంతటదే ఎందుకాగుతుందమ్మా? దానికేమన్నా మోకాళ్ళ నొప్పులా?"

ఆయన వేళాకోళానికే అనేవారు. కానీ మాట పాకింది. రెహానా గారి చెయ్యి పడితే మిషను ఆగిపోతుందని స్టోరు వాళ్ళు కూడా అనడం మొదలుపెట్టారు. నేను పరేడ్‌కి ముందు కూర్చుని చూశాను, సాయంత్రం కూర్చుని చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది.

గవర్నరుపేట నుంచి మెకానిక్‌ని పిలిపించాం. సైకిలు మీద వచ్చేవాడు, నెమ్మదస్తుడు, పనిమంతుడు. మూత విప్పి, దుమ్ము ఊది, మెమరీ చిప్పుల కాళ్ళు పెన్సిలు రబ్బరుతో తుడిచేవాడు. ప్లగ్గు మార్చాడు, తీగ మార్చాడు. రెండు గంటలు కూర్చుని ఏదో ఒకటి కొడుతూ ఉండేవాడు. కంప్యూటరు నిక్షేపంగా పనిచేసేది.

"నన్ను చూస్తే భయమండీ దీనికి," అని నవ్వి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ తెర నలుపు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఇదే తంతు.

మే రెండో వారంలో కర్నల్ సాబ్ నన్ను గదిలోకి పిలిచారు. ఆయన పంజాబీ. మాట్లాడింది హిందీలో, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"హవల్దార్, నెలాఖరుకి ఆమె గడువు అయిపోతుంది. పొడిగించమని నేను రాయాలి. ఎలా రాయను? మెకానిక్ కూర్చుంటే నడుస్తుంది, నువ్వు కూర్చుంటే నడుస్తుంది. ఆమె కూర్చుంటే ఆగుతుంది."

"సాబ్, ఇంకొక్కసారి చూస్తాను."

"చూడు. క్యాంపు జాబితా మాత్రం ఆగడానికి వీల్లేదు."

బయటికొచ్చేసరికి రెహానా గారు నా మొహం చూసి అంతా గ్రహించారు. "దొంగతనం అంటగట్టినా ఇంత బాధపడనండీ," అన్నారు. "పని రాదంటున్నారు. మా ఇంట్లో కంప్యూటరు నేర్చుకున్న మొదటి మనిషినండీ నేను." ఆ మాట నాకు గుచ్చుకుంది. అన్నం తింటున్నా అదే మాట.

మెకానిక్ నాలుగోసారి వచ్చిన రోజు నాకు మధ్యాహ్నం క్లాసు లేదు. పన్నెండింటికి ఆఫీసుకొచ్చాను. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కాళ్ళు పీకుతుంటే అతని కుర్చీలో కూలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది. కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ తెరిచాను. మే నెల, బెజవాడ, రేకుల కప్పు, పట్టపగలు. ఇక్కడ మనిషికి హాయిగా ఉందంటే ఎక్కడో ఏదో తేడా జరుగుతోందన్నమాట.

చుట్టూ చూశాను. ఎప్పుడూ గుమ్మం దగ్గరుండే స్టాండు ఫ్యాన్ నా పక్కన ఉంది. పూర్తి స్పీడులో, కుర్చీ మీదికీ, మూత విప్పిన కంప్యూటరు మీదికీ. రోజూ మూసి ఉండే కిటికీ బార్లా తెరిచి ఉంది. బల్ల మీద మజ్జిగ గ్లాసు.

"రెహానా గారూ, ఈ ఫ్యాన్ ఇక్కడికెవరు తెచ్చారు?"

"నేనేనండీ. ఈ మెకానిక్ తమ్ముడు వచ్చినప్పుడల్లా పెడతాను. ఎండలో పడి తొక్కుకుంటూ వస్తాడు పాపం."

"మరి మీరు పనిచేసేటప్పుడు?"

"నాకెందుకండీ? అది వచ్చినవాళ్ళ ఫ్యాన్."

లడఖ్‌లో మాకొక టెలిఫోను లైను ఉండేది. మధ్యాహ్నం పూట మాత్రమే మూగబోయేది. ఎప్పుడు వెళ్ళి చూసినా బాగానే ఉండేది. మాకు పని నేర్పిన ఉస్తాద్ ఒకటే అడిగాడు: నువ్వు వెళ్ళి చూసేటప్పటికి అక్కడ మారుతున్నదేమిటి? ఎండకి మంచు కరిగి అతుకులోకి నీళ్ళు దిగేవి. మేం నడిచి చేరేసరికి మళ్ళీ గడ్డకట్టేవి. ఇక్కడ మంచు లేదు. మర్యాద ఉంది. ఆమె చేసిన మర్యాదే పోయి పోయి ఆమెకి ఎదురు సాక్ష్యం చెబుతోంది.

మెకానిక్‌తో సంగతి చెప్పాను. మర్నాడు పదింటికి రమ్మన్నాను. ఆర్డర్లు ఇవి: ఫ్యాన్ గుమ్మం దగ్గరే. కిటికీ మూసే ఉండాలి. కంప్యూటరు మూతకి మరలన్నీ బిగించి ఉండాలి. రెహానా గారు రోజూలాగే జాబితా కొడతారు, హెడ్ క్లర్కు గారు పేర్లు చదువుతారు, మెకానిక్ పక్కన కూర్చుని చూస్తాడు. అంతే.

రెహానా గారు ఒప్పుకోలేదు. "ఇదెక్కడి చోద్యమండీ! పిలిచిన మనిషిని ఉడకబెడతామా? రేపు అతను బయట ఏమని చెప్పుకుంటాడు?"

"ఏమీ చెప్పుకోనక్కా," అన్నాడు మెకానిక్. "నాలుగుసార్లు వచ్చి పరువు పోగొట్టుకుంది నేను."

"మజ్జిగన్నా ఇస్తాను."

"మజ్జిగకి పర్మిషనుంది," అన్నాను.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. నా దరిద్రం అనుకున్నాను. పది నుంచి పదకొండున్నర దాకా ఏమీ కాలేదు. హెడ్ క్లర్కు గారు పేర్లు చదువుతుంటే వినసొంపుగా ఉంది, ఊరి ప్రభావం కాబోలు, తాళం తప్పలేదు. రెహానా గారి వేళ్ళు ఆ తాళం మీదే నడిచాయి. తర్వాత మబ్బు విడిపోయింది. రేకులు టపటపమన్నాయి. షెడ్డు ఉడికిపోయింది. మెకానిక్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. రెహానా గారు రెండుసార్లు గుమ్మం వైపు చూశారు, రెండుసార్లూ నేను తల అడ్డంగా ఊపాను.

హెడ్ క్లర్కు గారు నీళ్ళు తాగడానికి ఆగారు. రెహానా గారు కొంగు తీసి రెండు చేతులతో మొహం అద్దుకుంటున్నారు. తెర నల్లబడింది.

అందరం చూశాం. మెకానిక్ "వచ్చేసిందండీ!" అని కుర్చీలోంచి ఎగిరి లేచాడు. పెళ్ళికొడుకు కారు దిగినప్పుడు కూడా ఎవరూ అంత సంబరంగా కేక వేసి ఉండరు. నేను సాబ్‌ని పిలవడానికి పరుగెత్తాను.

సాబ్ వచ్చి చూశాక, మెకానిక్ వేడి మీదే మూత తీశాడు. కరెంటు అందించే డబ్బాలో ఒక టంకం అతుకు వెంట్రుకవాసి చిట్లి ఉంది. వేడెక్కితే విడిపోతుంది, గాలి తగిలితే కలుస్తుంది. తాను వచ్చినప్పుడల్లా అది ఎందుకు పెద్దమనిషి వేషం వేసిందో అప్పుడు అర్థమై, తల కొట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి కొత్త డబ్బా వేశాడు. బల్ల ఆ మూలనుంచి జరిపించాం. సాబ్ పొడిగింపు కాగితం ఆ రోజే రాసి, ఆమె ముందు నిలబడి, "గలతీ మేరీ థీ, బెహన్‌జీ," అన్నారు, తప్పు తనదేనని. కర్నల్ హోదాలో ఉన్న మనిషి నోట ఆ మాట నా సర్వీసులో నేను విన్నది అదొక్కసారే. హెడ్ క్లర్కు గారు మాత్రం మర్నాడు ఇంటినుంచి పెద్ద గిన్నెడు పులిహోర తెచ్చి మొదట ఆమె బల్ల మీద పెట్టారు. ఆయన పద్ధతి అది.

మూడో వేసవి కాకముందే నాకు తిరిగి యూనిట్‌కి ఆర్డర్లొచ్చాయి. బెజవాడలో రాత్రి రైలు, అదే ట్రంకు పెట్టె. ఆ తర్వాత ఇంకో రెండు పోస్టింగులు చేసి, పెన్షను తీసుకుని ఊరికొచ్చాను. కొండలు చూశాను, కాల్పులు విన్నాను. వాటిలో చాలా భాగం ఇప్పుడు మసకబారింది.

మసకబారనిది ఒకటుంది. ఆ రోజు నేను సాబ్ గదికి పరుగెత్తి, ఆయన ఫోను మాట్లాడుతుంటే ముగిసేదాకా నిలబడి, ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాను. రెహానా గారు అదే కుర్చీలో ఉన్నారు. తెర ఎప్పుడో మళ్ళీ వెలిగింది. ఆమె రెండు చేతులూ తలకంటే ఎత్తుగా, వేళ్ళు విడదీసి, గాలిలో పట్టుకుని ఉన్నారు. మట్టిగాజులు మోచేతుల దాకా జారిపోయాయి. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు దించలేదు.

"నా చేతులు దాని మీద లేవండీ," అన్నారు సాబ్‌తో. "అందరూ చూశారండీ."

సాబ్ తల ఊపాకే దించారు.