సైమోని చిప్ప

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. కాకినాడలో నర్సుగా ఎన్నో చావులు చూశాను, పోయినవాళ్లు ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను, అంతవరకే. ఇది కల్పించి చెబుతున్నానని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు ఈ పరాయి దేశంలో, సర్రీ అనే ఊళ్లో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకోవడం నా పని. అలా దొరసామి అంకుల్ దగ్గర కుదిరాను. చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్లిన తెలుగువాళ్ల మనవడాయన. ఫిజీ సైన్యంలో చేశారు. ఆ చిన్న దీవుల సైనికులు నీలం టోపీ పెట్టుకుని ఎక్కడో లెబనాన్‌లో శాంతి కాపలాకు వెళ్లేవారని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

అక్కడ ఒక రోజు అంకుల్ చెక్‌పోస్టులో ఉన్నారు. ఆయన దగ్గర డ్యూటీ అందుకోవడానికి ప్రాణస్నేహితుడు, కార్పొరల్ సైమోని రావాలి. దారిలోనే షెల్ పడి చనిపోయాడు.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక అంకుల్ మనసు మళ్లీ అక్కడికే వెళ్లిపోయింది. కిటికీ దగ్గర కుర్చీలో రోడ్డు చూస్తూ కూర్చునేవారు. రిలీఫ్, అంటే డ్యూటీ అందుకునే మనిషి, ఇంకా రాలేదంటూ రాత్రి కూడా మంచం ఎక్కేవారు కాదు. కాళ్లు బానల్లా వాచాయి. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టర్ చెప్పేశారు. నాన్న పోయేలోగా ఒక్కసారి మంచం మీద కంటినిండా నిద్రపోతే చాలని కూతురు సుశీల నన్ను పట్టుకుని ఏడ్చింది. పాపం, నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

ప్రతి శనివారం వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. కావా అనే వేరు పొడిని నీళ్లలో పిసికి, రెండు కొబ్బరి చిప్పల్లో పోస్తారు. ఒకటి అంకుల్‌కి, ఒకటి సైమోని కోసం వేసిన ఖాళీ కుర్చీ ముందు. తాగేముందు అరచేతులు గుంటగా పట్టి ఒక చప్పట, తాగాక మూడు కొట్టాలి. అంకుల్‌కి మింగడం కష్టం, అందుకే చిప్ప పెదవులకి తాకించి దించేసేవారు. సాయంత్రం రెండూ ఆపిల్ చెట్టు మొదట్లో పోసేవారు.

ఒక శనివారం సుశీల పనిలో ఇరుక్కుపోయి, ఫోన్‌లో చెప్పి నన్నే కలపమంది. మధ్యాహ్నమే అయినా బయట పొగమంచు. వీధి, చెట్లు, ఎదురింటి కారు అన్నీ పాలలో మునిగినట్టున్నాయి. ఇల్లంతా నిద్రమత్తుగా ఉంది.

ఎవరికి ముందివ్వాలో నేను అడగలేదు. మా ఇళ్లలో ముందు ఇంటికొచ్చినవాళ్లకే కదా పెడతాం. ఖాళీ కుర్చీ ముందు చిప్ప పెట్టి, అలవాటుకొద్దీ అనేశాను. "తీసుకోండి అన్నయ్యగారూ, మొహమాటపడకండి."

అంకుల్ నా వైపు అదోలా చూశారు. నాకే నవ్వొచ్చింది. ఆయన చిప్ప కూడా ఆయన ముందు పెట్టి, జ్యూస్ కలపడానికి వంటింట్లోకి వెళ్లాను.

ఒక చప్పట వినిపించింది. బరువుగా, లోతుగా. కాసేపాగి మూడు.

భలే హుషారుగా ఉన్నారే అనుకుంటూ స్పూన్ తిప్పుతున్నాను. అప్పుడు తట్టింది. చప్పట్లు కొట్టడానికి ఆయనకి రెండో చెయ్యి ఏది?

పరిగెత్తాను. అంకుల్ మంచం మీద ఉన్నారు. ఇద్దరం పట్టుకుంటే తప్ప లేవలేని మనిషి! చెప్పులు మంచం కింద జతగా పెట్టి ఉన్నాయి.

"సైమోని వచ్చిండాడు. నేను పండుకుంటా," అన్నారు, వాళ్ల అవ్వ నేర్పిన తెలుగులో. వెంటనే నిద్రపోయారు.

అంకుల్ చిప్ప నిండుగానే ఉంది. సైమోనిది ఖాళీ. నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. కార్పెట్ తడిమాను, పూలకుండీలో వేలు పెట్టి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది.

సుశీల వచ్చి మంచం మీద నాన్నని చూసి గుమ్మంలోనే కూలబడింది. జరిగింది చెప్పాను. లేచి ఖాళీ చిప్పని చేతిలోకి తీసుకుంది.

"సైమోని అంకుల్ ర్యాంక్‌లో పెద్ద, దీదీ," అంది హిందీలో. "ముందు ఆయన తాగాలి. ఇంటికి పెద్ద కదా అని మేం ఎప్పుడూ నాన్నకే ముందిచ్చాం."

అంకుల్ ఆ వారమే, ఆ మంచం మీదే, నిద్రలో వెళ్లిపోయారు.

ఆయన ఎలా లేచారో, చిప్ప ఎవరు ఖాళీ చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. పాస్టర్‌గారిని అడిగితే ప్రార్థన చేసుకోమ్మా అన్నారు. చేసుకుంటూనే ఉన్నాను. కానీ పొగమంచు పట్టిన రోజున దిగులేస్తుంది. ఆ అన్నయ్యగారి దగ్గర డ్యూటీ అందుకోవడానికి ఎవరైనా వచ్చారో లేదో.