మార్చి ఇరవై ఐదు దాకా పాత సంవత్సరమే

ఎల్బ్రిడ్జ్ హాస్కెల్ గారికి కొత్త సంవత్సరం మార్చి ఇరవై ఐదున వచ్చేది. మసాచుసెట్స్ తీరాన వెక్స్‌బరీ అనే ఊళ్లో మిగతా రెండువేల మందికీ జనవరి ఒకటినే వచ్చేసిన సంవత్సరం, ఆయన గుమ్మం దగ్గర మాత్రం పన్నెండు వారాలు మంచులో నిలబడి ఆ తర్వాతే లోపలికి రావాలి. ఉగాది చేసుకునే మనకి ఇదేమంత వింతగా తోచదు గాని ఆ ఊరివాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

క్రిస్మస్‌కి తలుపుకి కట్టిన పచ్చని ఆకుల దండ ఆయన మార్చి దాకా తీసేవాడు కాదు. అది ఎండి చీపురులా తయారై, ఒక ఏడాది అందులో పిచ్చుక కాపురం కూడా పెట్టింది. “పండగ వెళ్లి మూడు నెలలైంది, తీసెయ్యవయ్యా” అని పక్కింటివాళ్లు మొత్తుకుంటే, “ఏడాది ఇంకా వెళ్లలేదుగా, తొందరేం?” అనేవాడు.

ఒకసారి పోలీసాయన హాస్కెల్ గారి కారు ఆపాడు.

“మీ లైసెన్సు డిసెంబరుతో అయిపోయింది హాస్కెల్ గారూ.”

“సంవత్సరం చివరి దాకా చెల్లుతుందని దాని మీద రాసి ఉందా, లేదా?”

“ఉంది.”

“సంవత్సరం అయిపోయిందా?”

“అయిపోయింది కదండీ!”

“నీకెవరు చెప్పారు?”

పోలీసాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. “సరే మహానుభావా, మార్చి ఇరవై ఆరున మళ్లీ ఇక్కడే ఆపుతాను” అని వదిలేశాడు. ఆపాడు కూడా. హాస్కెల్ గారి జేబులో కొత్త లైసెన్సు సిద్ధంగా ఉంది.

ఆయన వృత్తి పియానోలకు శ్రుతి చెయ్యడం. ఒకసారి చర్చి పియానోని ఆ ఏడాది లోపల బాగుచేస్తానని పాస్టరుగారికి మాట ఇచ్చాడు. క్రిస్మస్ పాటలన్నీ బొంగురు గొంతుతోనే గడిచాయి. జనవరి, ఫిబ్రవరి వెళ్లాయి. మార్చి ఇరవై నాలుగు సాయంత్రం పనిముట్ల సంచీతో దిగాడు. పాస్టరుగారు కారాలు మిరియాలు నూరుతుంటే, “మాట తప్పానా? ఇంకా ఒకరోజు మిగిలే ఉంది” అని మూత ఎత్తాడు.

ఈ పిచ్చి ఎందుకని అడిగితే సమాధానం ఒక్కటే. “మన ఒబదయా క్రేన్ ఇంగ్లండు నుంచి వచ్చి ఈ ఒడ్డున దిగిన నాడు ఇంగ్లీషువాళ్లకి ఏడాది మార్చి ఇరవై ఐదునే మొదలయ్యేది. తర్వాత నూరేళ్లకెప్పుడో లండన్‌లో కూర్చున్నవాళ్లు జనవరికి జరిపారు. నన్నడిగి జరిపారా?”

ఒబదయా క్రేన్ 1638లో వచ్చి ఆ ఊరు కట్టినవాడు. వెక్స్‌బరీలో తామూ ఆయన సంతతేనని వంశవృక్షం తవ్వి చూసుకోని ఇల్లు లేదు. కాబట్టి హాస్కెల్‌ది కూడా వంశాల పిచ్చి ముదిరి తలకెక్కిన బాపతే అని అందరూ తేల్చేశారు. టౌన్ క్లర్కు వినిఫ్రెడ్ టాప్లీ అందరికంటే గట్టిగా తేల్చింది.

వినిఫ్రెడ్‌కి ఆయన మీద కోపం నిన్నామొన్నటిది కాదు. 1921లో, హాస్కెల్ పాతికేళ్లవాడిగా ఉన్నప్పుడు, క్రేన్ సంతతి సంఘంవాళ్లు వంశచరిత్ర పుస్తకం రాసిపెట్టమన్నారు. ఆయన ఊరి పాత రిజిస్టరు చూసి రాశాడు. ఒబదయా పెళ్లి 1641 మే పదిన. పెద్దకొడుకు సేత్ పుట్టింది 1641 ఫిబ్రవరి పన్నెండున. అంటే పెళ్లికి మూడు నెలల ముందు! పుస్తకం అచ్చయి రావడంతోనే సంఘం అధ్యక్షురాలు అగస్టా లాత్రప్ గారు, “ఆ సేత్ ఎవరి బిడ్డో దేవుడికెరుక” అని సేత్ సంతతిని సంఘంలోంచి తీసేసింది. వినిఫ్రెడ్ తల్లి మెర్సీది సేత్ సంతతి.

ఆ ఏడాది ఆగస్టులో సంఘం విందుకి పదకొండేళ్ల వినిఫ్రెడ్ కొత్త గౌను వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లింది. గుమ్మంలోనే లాత్రప్ గారు నవ్వుతూ మెర్సీ చేతికి వంటగది ఏప్రన్ ఇచ్చింది. “నువ్వు వండే బీన్స్ లేకపోతే విందే లేదు మెర్సీ. ఈసారి నుంచి నువ్వు లోపల చూసుకో.” మెర్సీ అది కట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అప్పటినుంచి మోకాళ్లు పనిచేసినన్నాళ్లూ ప్రతి ఆగస్టులోనూ బెల్లం పాకంలో బీన్స్ ఉడికించి పంపింది గాని బల్ల దగ్గర కూర్చోలేదు. వినిఫ్రెడ్ ఆ ఏప్రన్‌నీ మరిచిపోలేదు, పుస్తకం అట్ట మీద ఉన్న పేరునీ మరిచిపోలేదు.

ఆ పేరుగల మనిషి 1955 నుంచి ప్రతి మార్చి ఇరవై ఐదునా సరిగ్గా ఉదయం తొమ్మిదికి ఆమె ఆఫీసు కిటికీ ముందు ప్రత్యక్షమయ్యేవాడు. చేతిలో కాగితంలో చుట్టిన వేడి వేడి అల్లం రొట్టె.

“నూతన సంవత్సర శుభాకాంక్షలు, వినిఫ్రెడ్ చెల్లెమ్మా!”

“నేనెవరికీ చెల్లెమ్మని కాను. మీ పుస్తకంలోనే ఉంది, చూసుకోండి.”

“ఆ సంగతే... ఇనప్పెట్టెలో ఉన్న ఆ మొదటి రిజిస్టరు ఒక్కసారి చూపిస్తే...”

“చూసి రాసింది చాల్లేదా? ఇంకా ఎవరినైనా వంటింట్లోకి పంపాలా?”

టక్కున కిటికీ అద్దం పడేది. అద్దం అవతల ఆయన పెదవులు కాసేపు కదిలేవి. తర్వాత రొట్టె కిటికీ గట్టు మీద పెట్టి, టోపీ ఎత్తి, చర్చిలో శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్లిపోయేవాడు. వినిఫ్రెడ్ ఆ రొట్టె తీసుకెళ్లి రేవులో సముద్రపు కాకులకి వేసేది. అవి మాత్రం ఆయన సంవత్సరాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాయి. మూడో ఏటికల్లా ఆ రోజు తొమ్మిది కాకముందే ఆఫీసు కప్పు మీద బారులు తీరేవి.

“రిజిస్టరు చూడ్డం ఆయన హక్కమ్మా, పైవాళ్లకి కాగితం పెడితే నీ ఉద్యోగానికే ముప్పు” అని ఎవరో హెచ్చరించారు కూడా. హాస్కెల్ కాగితం పెట్టలేదు. మరుసటి మార్చికి మళ్లీ రొట్టె పట్టుకుని వచ్చాడు. ఇలా పన్నెండేళ్లు, పన్నెండు రొట్టెలు.

1967 మార్చి తొమ్మిదిన హాస్కెల్ గారు నిద్రలోనే పోయారు. చావులను పుస్తకంలో ఎక్కించడం క్లర్కు పని. వినిఫ్రెడ్ పేరు, తేదీ, సంవత్సరం రాసి, తడి సిరా మీద అద్దుడు కాగితం అద్దింది. ఏ బాధా కలగలేదనే అనుకుంది.

మార్చి ఇరవై ఐదు శనివారమైంది. ఆఫీసు ఒక్క పూటే. ఎందుకో ఎనిమిదిన్నరకే వచ్చింది. తొమ్మిదయింది. కిటికీ అవతల ఎవరూ లేరు. పైన కప్పు మీద సముద్రపు కాకులు ఒకటే గోల. తొమ్మిదీ పావుకి లేచి కిటికీ తెరిచి, మెడ చాపి వీధి ఆ చివర దాకా చూసింది. తాను ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసి తన మీద తనకే ఒళ్లుమండింది.

పదింటికి హాస్కెల్ చెల్లెలు డీలియా వచ్చింది. అన్నలాగే పొడుగాటి మనిషి. చేతిలో ఒక చెక్కపెట్టె.

“ఇది నీకిమ్మని రాసిపెట్టాడు. ఈ రోజే ఇవ్వాలట. రొట్టె చెయ్యడం మాత్రం నాకు చేతకాదమ్మా, ఏమీ అనుకోకు.”

పెట్టెలో పాత అట్టకార్డులు కట్టలుగా ఉన్నాయి. పైన ఒక ఉత్తరం.

‘వినిఫ్రెడ్ చెల్లెమ్మా, రిజిస్టరులోని ఒక్కో సంగతినీ ఒక్కో కార్డు మీద ఎక్కించి, తర్వాత అన్నిటినీ జనవరి నుంచి డిసెంబరు దాకా వరసలో పేర్చాను. చేసిన తప్పు అదే. ఫిబ్రవరి కార్డు మే కార్డుకి ముందుకొచ్చి కూర్చుంది. ఏడాది మార్చిలో మొదలయ్యేదని ముప్పై మూడేళ్ల తర్వాత ఒకరింట్లో పియానో శ్రుతి చేస్తూ, వాళ్ల పాత బైబిల్లో ఒకే పుట్టుకకి రెండు సంవత్సరాలు రాసి ఉండడం చూసి తెలుసుకున్నాను. అగస్టాకి చెప్పాను. మార్చి కథలు నమ్మను, పుట ఫొటో తీసుకురా అంది. నా వల్ల పోయింది నా చేత్తోనే తిరిగిద్దామనుకున్నాను. నీకు చెబుదామంటే మొదటి మాట దాటనివ్వవు. ఊరంతటికీ మార్చి మార్చి అని చెప్పుకుంటూ తిరిగితే ఎప్పటికైనా నీ చెవిన పడి, ఎందుకూ అని అడుగుతావనుకున్నాను. పద్నాలుగో పుట తెరువు. తేదీలు చూడకు. అప్పటి క్లర్కు రాసిన వరసలోనే పుటలు తిప్పు.’

కుర్చీ నుంచి ఇనప్పెట్టెకి మూడడుగులు. వినిఫ్రెడ్ తాళం తీసి రిజిస్టరు బల్ల మీద తెరిచింది. పద్నాలుగో పుట అడుగున మే నెలలో ఒబదయా పెళ్లి. ఆ తర్వాత గడ్డి కోతల తగాదా. డిసెంబరులో ఒక ముసలమ్మ చావు. పదిహేనో పుటలో జనవరి, ఎవరి ఆవు చెవికి ఏ గాటు గుర్తో. అంకె ఇంకా 1641. దాని కింద ఫిబ్రవరి పన్నెండు, సేత్. పుట తిప్పితే పైన పెద్ద అక్షరాలతో మార్చి ఇరవై ఐదు, 1642.

వేళ్ల మీద లెక్కపెట్టింది. పెళ్లయిన తొమ్మిది నెలల రెండు రోజులకి పుట్టాడు సేత్. అంతకన్నా మర్యాదగా పుట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

వినిఫ్రెడ్ ఆ పుట ముందు కూర్చుని ఏడ్చింది. తల్లి మర్యాద మూడడుగుల దూరంలో ఇనప్పెట్టెలో ఉంటే, తాళంచెవి తన నడుముకే వేలాడుతుంటే, తాళం తియ్యమని పన్నెండుసార్లు బతిమాలిన మనిషి ముఖం మీద తనే అద్దం మూసింది. తప్పు చేసినవాడు ముప్పై మూడేళ్లకైనా తెలుసుకుని దిద్దబోయాడు. తను దిద్దనివ్వలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి “ఎందుకూ?” అని అడిగి ఉంటే!

ఆఫీసుకి తాళం పెట్టి ఇంటికి పరుగెత్తింది. తొంభై ఒకటో ఏట ఉన్న మెర్సీ కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని అంతా విన్నది. శాలువా సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“అయితే నేను మూడొందలేళ్లుగా పద్ధతైన ఇంటిపిల్లనేనన్నమాట. ముందే తెలిస్తే ఇంకాస్త టెక్కు చూపించేదాన్ని గదే.”

“అమ్మా, ఆయన పన్నెండేళ్లు తిరిగాడే. నేను వినలేదు.”

“తెస్తూ వచ్చాడంటున్నావు, ఆ అల్లం రొట్టె ఎలా ఉండేది?”

వినిఫ్రెడ్ తల వంచుకుంది. “రుచి చూడలేదమ్మా.”

“ఒక్కసారి కూడా?”

“కాకులకి వేశాను.”

ముసలావిడ కూతుర్ని తిట్టలేదు. తల మీద చెయ్యి వేసి, “నీదీ నా పోలికే, మొండిఘటం” అంది. ఆ మాటకి వినిఫ్రెడ్ ఇంకాస్త ఏడ్చింది.

సోమవారం ఆ మూడు పుటల ఫొటోలూ లాత్రప్ గారి బల్ల మీదికి చేరాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది, తీసి తుడిచి మళ్లీ చూసింది. “అయితే... ఆ హాస్కెల్ చెప్పింది...” అని ఆగి, మంచినీళ్లు అడిగింది.

ఆగస్టు విందులో మెర్సీ టాప్లీని తీసుకొచ్చి బల్ల మధ్యలో కూర్చోబెట్టారు. లాత్రప్ గారు స్వయంగా కుర్చీ లాగింది. మెర్సీ తడుముకోకుండా గిన్నె దగ్గరికి లాక్కుని ఒక చెంచాడు బీన్స్ నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె వైపు తిరిగారు.

“ఎవరే వండింది?”

“నేనేనమ్మా” అంది వినిఫ్రెడ్.

“బెల్లం ఎక్కువైంది. అయినా కూర్చుని తింటే బాగానే ఉంటాయే.”

మెర్సీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని వినిఫ్రెడే అడిగింది. దాని ముందు పళ్లెంలో ఒక అల్లం రొట్టె. డీలియా దగ్గర తీరూ పాళ్లూ అడిగి చేసింది గాని, మాడింది. ఆ రోజు అందరూ ఆయన లైసెన్సు సంగతీ, చర్చి పియానో సంగతీ చెప్పుకుని పడీపడీ నవ్వారు. వినిఫ్రెడ్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ కుర్చీ వైపు చూసి తలుపు దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చింది.

మర్నాడు ఆఫీసులో చావుల పుస్తకం తెరిచి, హాస్కెల్ గారి పేరు ఎదురుగా 1967 అన్నచోట, ఆ బైబిల్లో రాసినట్టే, ముందు 1966 అని రాసి రెండంకెల మధ్య గీత గీసింది. చేసిన దిద్దుబాటు పైకి పంపడం నియమం కాబట్టి నకలు పంపింది. నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి గట్టి ఉత్తరం వచ్చింది. ఒక మనిషి రెండు సంవత్సరాల్లో చనిపోవడం ఎలా సాధ్యం, ఏది సరైనదో వెంటనే తెలియజేయవలెను అని.

వినిఫ్రెడ్ జవాబు టైపు చేసింది. ‘అయ్యా, రెండూ సరైనవే. మీ లెక్క ప్రకారం ఆయన 1967లో పోయారు. ఆయన లెక్క ప్రకారం పాత సంవత్సరం ఇంకా పదహారు రోజులు మిగిలి ఉండగా పోయారు. మరిన్ని వివరాలకు మార్చి ఇరవై ఐదున ఉదయం తొమ్మిది గంటలకు మా కిటికీ దగ్గరికి రాగలరు. ఆ రోజు కిటికీ తెరిచే ఉంటుంది. అల్లం రొట్టె ఇవ్వబడును.’